దుంపకు బియ్యమని పేరు: కర్రపెండలం సాంఘిక చరిత్ర

రాజుల దండయాత్రలకు మన చరిత్రలో తేదీలున్నాయి. దానశాసనాలకు శక సంవత్సరాలున్నాయి. కానీ ఒక జాతి ఏ కాలంలో ఏ కూడు తిన్నది, ఆ కూడు ఎవరి చేతుల మీదుగా పళ్ళెంలోకి వచ్చింది, ఎప్పుడు ఎందుకు మారింది అన్న ప్రశ్నలను మన పండితులు వంటింటి విషయాలుగా తోసిపుచ్చారు. సాహిత్య విద్యార్థికి కూడా శ్రీనాథుడి పేర వాడుకలో ఉన్న జొన్నకూటి చాటువులు హాస్యానికి ఉదాహరణలుగానే పరిచయమవుతాయి. అన్నం తినేవాడు జొన్నకూడు తినేవాడిని చూసి నవ్వడం వెనుక ఉన్న వర్గదృష్టి మీద చర్చ జరగదు. ఆహార చరిత్ర శ్రమ చరిత్రలో భాగం. ఈ మాటను నిరూపించడానికి ఒక దుంప చాలు. అది కర్రపెండలం.

ఇవాళ పట్టణాల దుకాణాల్లో ఈ దుంప పిండికి కొత్త హోదా వచ్చింది. గోధుమ పడనివారికి, పడదని అనుకునేవారికి ‘గ్లూటెన్ లేని పిండి’గా దీన్ని అమ్ముతున్నారు. దీనితో రొట్టెలు, కేకులు, బిస్కెట్లు చేస్తున్నారు. ఈ హోదా ఎక్కడిది, దాని కింద ఏ చరిత్ర మరుగున పడింది అన్నది ఈ వ్యాసం విషయం. చర్చను తిరుచానూరు నుంచి మొదలుపెట్టడానికి కారణముంది. నైవేద్యపు కొలతలు కొన్ని శతాబ్దాలపాటు శాసనాలకెక్కిన ప్రాంతం మనకు తిరుపతి పరిసరాలే.

తిరుపతికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరిని అలమేలుమంగాపురం అని కూడా అంటారు. సామవై అనే పల్లవ రాణి క్రీ.శ. 966లో తిరుమలకు వెండి విగ్రహం సమర్పించిన నాటినుంచి విజయనగర కాలం వరకు ఈ ప్రాంతపు శాసనాలు వందల కొద్దీ దొరికాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పరిశ్రమతో దేవస్థానం 1930లో వాటిమీద నివేదికను ప్రకటించింది. ఆ శాసనాల్లో బియ్యం ఎంత, నెయ్యి ఎంత, పెసరపప్పు ఎంత, బెల్లం, పెరుగు, మిరియాలు ఎంతెంత అన్న లెక్కలున్నాయి. అప్పాలు, అతిరసాలు, వడలు పేరుపేరునా ఉన్నాయి. ఆ దినుసుల కోసం చెరువు కింద దున్నిన రైతు ఏం తిన్నాడన్న లెక్క మాత్రం లేదు. శాసనం దాత పేరును రాతిమీద నిలిపింది. పండించినవాడి కూడును రాయలేదు.

ఆ కూడు ఏమిటో ఊహించడం కష్టం కాదు. చిత్తూరు సీమ మెట్టపొలాల్లో పండేవి రాగి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, అరిక. నీటి వసతి ఉన్నచోట వరి పండినా, వరి అన్నం పండగనాటి మాట. దక్షిణ రాయలసీమ గ్రామీణుడిని తరాల తరబడి నిలబెట్టింది రాగిసంగటి. ఈ ధాన్యాలన్నిటికీ ఒక సమాన లక్షణముంది. వీటిలో గోధుమ జిగురు, అంటే గ్లూటెన్, లేదు. వరిలోనూ లేదు. ఇవాళ ఎక్కువ ధర చెల్లించి కొనుక్కుంటున్న గుణం, ఈ నేలమీద కూలివాడి ముంతలో ఊరికే ఉన్న గుణమే.

ఈ పంటల సరసకు కర్రపెండలం ఎలా వచ్చింది? దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ నది పరీవాహకంలో ఆదిమ జాతులు వేల ఏళ్ళ కిందట దాన్ని సాగులోకి తెచ్చాయి. 1500లో కబ్రాల్ నాయకత్వంలో పోర్చుగీసు నౌకలు బ్రెజిల్ తీరం చేరాయి. ఆ నౌకల్లోని లేఖకుడు పేరో వాజ్ ది కమిన్యా తన రాజుకు జాబు రాస్తూ, అక్కడి ప్రజలు పెండలం తింటున్నారని రాశాడు. అది పెండలం కాదనీ, అతడు చూసింది కర్రపెండలాన్నేననీ పండితులు తేల్చారు. ఆఫ్రికా తీరంలో చూసిన దుంప పేరునే అతడు ఈ కొత్త దుంపకు పెట్టాడు. విచిత్రమేమంటే తెలుగువాడు చేసిందీ అదే. ఎరిగిన పెండలం పేరుకు ముందు ‘కర్ర’ చేర్చాడు. కర్రముక్కను పాతితే మొలిచే మొక్క కనుక ఆ పేరు చక్కగా అతికింది. సముద్రానికి అటూ ఇటూ ఉన్న రెండు భాషలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే పద్ధతిలో పరాయి దుంపను ఇంటిదాన్ని చేసుకున్నాయి.

కబ్రాల్ బ్రెజిల్ తీరం చేరిన మూడేళ్ళకు, 1503లో, అన్నమయ్య కన్నుమూశాడు. అలమేలుమంగను కీర్తించిన ఆ కవికి కర్రపెండలం తెలియదు. పచ్చిమిరపకాయ కూడా తెలియదు. ఇవాళ ‘మన సంప్రదాయ వంట’ అని మనం గర్వంగా చెప్పుకునేదానిలో సగం ఆయన తర్వాత ఓడల్లో వచ్చింది. సంప్రదాయం నిలువ నీరు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

పోర్చుగీసువారు ఈ దుంపను మొదట ఆఫ్రికాకు తీసుకుపోయారు. బానిస వ్యాపారపు నౌకల్లో మనుషుల ప్రాణం నిలపడానికి చౌకైన తిండి కావలసి వచ్చింది. కర్రపెండలం పిండి ఆ అవసరాన్ని తీర్చింది. పదిహేడో శతాబ్దంలో అది మలబారు తీరానికి చేరింది. కానీ ఇక్కడ విస్తృతంగా సాగు కావడానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. 1880 నుంచి 1885 వరకు తిరువాన్కూరును పాలించిన విశాఖం తిరునాళ్ దీని సాగును ప్రోత్సహించాడు. జనం విషమని జంకితే, రాజే వండించుకుని తిని చూపాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, జనం జంకులో అర్థం ఉంది. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

విశాఖం తిరునాళ్ సింహాసనమెక్కడానికి కొద్ది ఏళ్ళ ముందే, 1876–78లో, మద్రాసు రాజధానిని మహాకరువు కబళించింది. అప్పుడు తిరుచానూరు ఉత్తర ఆర్కాటు జిల్లా చంద్రగిరి తాలూకాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. 1877లో ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానికి తోడు ఒక అణా చాలునని నిర్ణయించాడు. ‘టెంపుల్ కూలి’ అని అది చరిత్రకెక్కింది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దాన్ని ఎదిరించాడు. ధాన్యం పౌనున్నర ఉండాలనీ, దానికి తోడు పప్పు, కూరలు ఉండాలనీ వాదించాడు. ఆ వాదంలో తేలిన ప్రశ్న ఒక్కటే. మనిషి కడుపు నింపితే చాలా, మనిషిని పోషించాలా? పాలకుడి ఖాతాలో మొదటిదే చౌక. కర్రపెండలం చరిత్ర పొడుగునా ఈ ప్రశ్న వెంటాడుతుంది.

1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించగానే మన దేశానికి బర్మా బియ్యం ఆగిపోయింది. దిగుమతి బియ్యం మీద బతుకుతున్న తిరువాన్కూరులో పేదల కడుపు నింపినవాటిలో ముఖ్యమైనది కర్రపెండలమే. వేలమంది దానివల్ల బతికారు. అయితే పచ్చి దుంపలో మాంసకృత్తులు వందకు ఒకటి రెండు పాళ్ళే. చేప తోడైతే అది భోజనం, తోడు కాకపోతే ఆకలిని మాయ చేసే ముద్ద. మలయాళీ ఇంట కప్పకూ చేపకూ కుదిరిన జోడీ వెనుక రుచి ఒక్కటే లేదు, బతుకు అనుభవం ఉంది.

అదే యుద్ధం మరో మార్పు తెచ్చింది. అసలు సగ్గుబియ్యం మలయా, ఇండోనేషియా ద్వీపాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు బోదెలోని పిండితో చేసేది. ‘సాగు’ అనే మలయ్ మాటే మన నోట ‘సగ్గు’ అయింది. యుద్ధంలో ఆ దిగుమతులు ఆగిపోగా, 1943 ప్రాంతంలో సేలంలో మాణిక్కం చెట్టియార్, పెనాంగ్ నుంచి వచ్చిన పోపట్‌లాల్ షా కర్రపెండలం పిండితో ఆ పూసలను చేయడం మొదలుపెట్టారని ఆ పరిశ్రమ చరిత్ర చెబుతుంది. తాటి బోదె పోయి దుంప వచ్చింది. పేరు మాత్రం మారలేదు. తెలుగునాట ఈ పరిశ్రమ తూర్పు గోదావరి మెట్టసీమలో, సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కల వేళ్ళూనింది. ఆ ఎర్రనేలల్లో వర్షాధారంగా కర్రపెండలం పండుతుంది. రాయలసీమలో అది ప్రధాన పంట కాలేదు. ఇక్కడి మెట్టపొలాన్ని వేరుశనగ ఆక్రమించింది.

ఇప్పుడు పేరు సంగతి చూద్దాం. మలయ్ చెట్టు పేరు, అమెరికా దుంప పిండి, తెలుగు ‘బియ్యం’ కలిసి సగ్గుబియ్యం అయింది. దుంపకు ధాన్యపు గౌరవం దక్కింది. అంతకంటే విశేషం మరొకటి ఉంది. అది ధాన్యం కాదు కనుక ఉపవాసానికి పనికివచ్చింది. కార్తిక మాసంలో తిరుచానూరులో బ్రహ్మోత్సవాలు జరిగి పంచమీతీర్థంతో ముగుస్తాయి. తిరుమల నుంచి అమ్మవారికి సారె వస్తుంది. లక్షలమంది పద్మసరోవరంలో మునుగుతారు. అదే మాసంలో ఉపవాసముండే ఎన్నో ఇళ్ళలో అన్నం నిషిద్ధం, సగ్గుబియ్యం జావ సమ్మతం. తరతరాలుగా ఈ నేలను పోషించిన రాగి ధాన్యం కనుక వ్రతానికి పనికిరాలేదు. నాలుగు శతాబ్దాల కిందట ఓడెక్కి వచ్చిన దుంప పూసగా మారి పవిత్రమైంది. పవిత్రతకు కూడా చరిత్ర ఉంటుందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఆ పూస ఎలా తయారవుతుంది? దుంప చెక్కు తీస్తారు. కడిగి, యంత్రంలో తురిమి, నీళ్ళతో వడకడతారు. పాలలాంటి ఆ నీరు తొట్లలో పేరుకుంటే అడుగున పిండి నిలుస్తుంది. సగం తడిగా ఉన్న ఆ పిండిని గుడ్డలో వేసి ఊపితే పూసలు కడుతుంది. జల్లెడ పట్టి, వేడి పెనాలమీద వేయించి, కళ్ళాల్లో ఎండబెడతారు. చెక్కు తీసే పని చాలావరకు ఆడకూలీలది. పొద్దుటినుంచి తడిలో కూర్చుని కత్తిపట్టే ఆ చేతులు సగ్గుబియ్యం తెల్లదనంలో కనిపించవు. ఆ తెల్లదనం కోసం కొన్ని మిల్లుల్లో రసాయనాలు కలుపుతున్నారన్న ఫిర్యాదులు ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి.

రైతు పరిస్థితి మరో రకం. కర్రపెండలం నేలలో ఉన్నంతకాలం నిలకడగా ఉంటుంది, పీకిన రెండు మూడు రోజుల్లో చెడిపోతుంది. ధాన్యమైతే గాదెలో పోసి ధర వచ్చేదాకా ఆగవచ్చు. ఈ దుంప పీకినవాడు ఆగలేడు. లారీ మిల్లు గేటు ముందు నిలిచిన క్షణం నుంచి బేరం మిల్లుదారుడి వైపే మొగ్గుతుంది. పిండి శాతం ఇంతే ఉందని అతడు తేల్చిన లెక్కే లెక్క. సేలంలో 1981లో ‘సాగోసర్వ్’ అనే సహకార సంఘం ఏర్పడింది. అది ఉత్పత్తిదారుల సంఘమే, కానీ పిండి, పూసల ఉత్పత్తిదారులది. నిలవ ఉండే సరుకు యజమానికి సంఘం దొరికింది. నిలవలేని సరుకు యజమాని గేటు ముందే ఉన్నాడు.

ఇక గ్లూటెన్ మాట. గోధుమ పిండిని నీళ్ళతో పిసికినప్పుడు గ్లియాడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి సాగే వలగా ఏర్పడతాయి. పులిసినప్పుడు పుట్టే వాయువును ఆ వల పట్టి ఉంచుతుంది కనుక రొట్టె పొంగుతుంది. కొందరి శరీరం ఈ జిగురును శత్రువుగా చూసి, తన చిన్నపేగునే దెబ్బతీసుకుంటుంది. దాన్ని సీలియాక్ వ్యాధి అంటారు. ప్రపంచ జనాభాలో ఇంచుమించు నూటికొకరికి ఉంటుందని అంచనా. దాని కారణం బయటపడటం కూడా ఒక కరువుతో ముడిపడి ఉంది. డచ్చి శిశువైద్యుడు విల్లెం డికె ఈ వ్యాధికి గోధుమే కారణమని యుద్ధానికి ముందునుంచే అనుమానించాడు. 1944–45 చలికాలంలో నాజీల దిగ్బంధంలో హాలండు రొట్టెముక్క కోసం అలమటించింది. దేశమంతా చిక్కిపోతుంటే ఈ వ్యాధి ఉన్న పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే వ్యాధి తిరగబెట్టింది. 1950లో డికె తన సిద్ధాంత వ్యాసంలో దీన్ని నిరూపించాడు.

కనుక గ్లూటెన్ లేని తిండిని డబ్బున్నవారి వేడుకగా కొట్టివేయడం పొరపాటు. వ్యాధి ఉన్నవారికి అది ప్రాణావసరం. వారు గోధుమ ఆడిన మరలో ఆడించిన పిండిని కూడా నమ్మలేరు. ఇంగువ డబ్బాలో సైతం గోధుమ పిండి కలిపి ఉండవచ్చు. కిలోకు ఇరవై మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్న నిబంధన వారి రక్షణ కోసమే. అయితే వ్యాధి లేనివారికి ఇదే ముద్రను ఆరోగ్యపు హామీగా అమ్మడం వ్యాపారం. మైదాను మన ఇళ్ళకు అలవాటు చేసిందీ వ్యాపారమూ రాజకీయమూ కలిసే. 1954 నాటి అమెరికా పి.ఎల్.480 చట్టం కింద 1956లో కుదిరిన ఒప్పందంతో ఓడల కొద్దీ గోధుమ దిగింది. 1965లో ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ పెట్టింది. రొట్టె నాగరికతకు గుర్తయింది, సంగటి మోటుతనానికి గుర్తయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలి తీర్చింది, దాని మేలును ఎవరూ కాదనలేరు. కానీ చౌకధరల దుకాణంలో రాగికి చోటు దొరకలేదు. మెట్టపొలంలోనూ క్రమంగా దాని చోటు తగ్గింది.

కర్రపెండలం పిండితో రొట్టె కాల్చే పద్ధతిని చూస్తే మరో సత్యం తెలుస్తుంది. ఇందులో సాగే వల లేదు. మైదా కొలతకు మైదా కొలత వేస్తే, ఈ పిండి నీళ్ళు ఎక్కువ తాగి, కేకు బరువెక్కి బంకగా మిగులుతుంది. దీనికి ఉపాయం వేడి. మరిగే నీళ్ళు తగిలితే పిండి ఉబ్బి జిగురు కడుతుంది. బ్రెజిల్‌లో పావ్ ది కేజు అనే చిన్న రొట్టెలకు మరిగిన పాలో నీళ్ళో పిండిలో పోసి, ఆరాక గుడ్డు, జున్నులాంటి చీజు కలిపి ఉండలుగా కాలుస్తారు. అక్కడివారు పిండిని పులియబెట్టి ఎండలో ఆరబెడతారు కూడా. ఆ పిండి ఈస్టు లేకుండానే పొయ్యిలో పొంగుతుంది.

ఈ ఉపాయం మనకు కొత్తదా? జొన్నరొట్టె తట్టే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. చన్నీళ్ళతో కలిపితే జొన్నపిండి విరిగిపోతుంది, వేన్నీళ్ళు పోసి మర్దించితే రొట్టె అంచు చీలదు. రాగిసంగటిలోనూ అదే విజ్ఞానం. ఎసరు తెర్లుతుండగా పిండి పోసి, ఉడికాక తెడ్డుతో ఉండ కట్టకుండా కెలికితేనే ముద్ద నిలుస్తుంది. గ్లూటెన్ లేని పిండిని కట్టిపడేసే విద్య మన పల్లె వంటింట్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని విద్య అని ఎవరూ అనలేదు. అనకపోవడానికి కారణం ఆ చేతులకు అక్షరం లేకపోవడం, ఆ పళ్ళెంలో తెల్ల అన్నం లేకపోవడం.

విషం సంగతికి వస్తానన్నాను. కర్రపెండలంలో లినమారిన్ అనే పదార్థముంది. దుంప దెబ్బతిన్నప్పుడు దాన్నుంచి సయనైడు పుడుతుంది. చేదు రకాల్లో ఇది ఎక్కువ. అమెజాన్ ఆదివాసులు తురమడం, పిండడం, నానబెట్టడం, కాల్చడం అనే వరుసతో దాన్ని వదిలించే పద్ధతి కనిపెట్టారు. ఆఫ్రికాకు దుంప వెళ్ళినంత వేగంగా ఆ పద్ధతి అన్నిచోట్లకూ వెళ్ళలేదు. 1938లో బెల్జియన్ కాంగోలో ‘కొంజో’ అనే పక్షవాతాన్ని వైద్యులు వర్ణించారు. 1981లో మొజాంబిక్‌లో అనావృష్టి వచ్చినప్పుడు వెయ్యిమందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆడవాళ్ళు, కాళ్ళు పడిపోయారు. ఆకలి ఆగనివ్వక దుంపను సరిగా నానబెట్టకముందే, ఎండబెట్టకముందే తిన్నారు. తోడు తినడానికి మాంసకృత్తులూ లేవు. విషం దుంపలో ఉన్నమాట నిజమే. దాన్ని మనిషి దాకా తెచ్చింది దారిద్ర్యం.

పోషణ దృష్టితో చూసినా లెక్క స్పష్టం. వంద గ్రాముల రాగుల్లో ఏడు గ్రాముల మాంసకృత్తులు, మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. అంతే కర్రపెండలం పిండిలో మాంసకృత్తులు రెండు గ్రాములకు అటూ ఇటూ. కడిగి వడకట్టిన సగ్గుబియ్యంలో అవి లెక్కకు రానంత తక్కువ. గ్లూటెన్ లేకపోవడం ఈ మూడింటికీ సమానమే. అయినా దుకాణంలో దుంప పిండి అరలోకెక్కి రాగికంటే గొప్పగా కూర్చుంటే, ధర నిర్ణయించేది పోషణ కాదని తెలిసిపోతుంది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగికి కూడా రంగుల సంచీ దొరికింది. ఆ సంచీ మీద ధర పెరిగింది. ఆ పెరుగుదలలో పండించినవాడి వాటా ఎంత అన్నది అడగవలసిన ప్రశ్న.

ఈ దుంప వల్ల ప్రాణాలు నిలిచాయి, పోయాయి కూడా. బానిస ఓడలో అది బానిస తిండి, తిరువాన్కూరులో కరువు తిండి, కార్తికంలో వ్రతపు తిండి, నేటి దుకాణంలో ఆరోగ్యపు తిండి. దుంప ఒక్కటే. ప్రతి మలుపులోనూ పేరు మారింది, పేరు మారినప్పుడల్లా దాన్ని పీకిన చెయ్యి, చెక్కు తీసిన చెయ్యి మరింత వెనక్కు పోయాయి. రాయలసీమ కథకులు ఈ విషయంలో కొంత మేలు చేశారు. దామలచెరువు మధురాంతకం రాజారాం కథల్లో మెట్టరైతు బతుకుంది. నామిని ‘మిట్టూరోడి కథల్లో’ పల్లె ఇంటి పొయ్యి దాని సొంత భాషలో మాట్లాడుతుంది. సామర్లకోట మిల్లులో తడిచేతులతో కత్తిపట్టిన ఆడకూలీ కథ, పీకిన దుంప కుళ్ళిపోకముందే అమ్ముకోవలసిన రైతు రాత్రి కథ ఇంకా రావలసే ఉన్నాయి. వాటికి సామగ్రి గ్రంథాలయంలో దొరకదు. మిల్లు గేటు దగ్గర, సంగటి పొయ్యి దగ్గర దొరుకుతుంది. శాసనం రాయని ఆ లెక్కను రాయవలసింది రచయితే.